మిసలుతో సహా

అన్నం డబ్బా పట్టుకొని స్వరూప గొర్రెల సంఘం ఆఫీసు గడప తొక్కేసరికి, లోపల నలుగురు మనుషులు ఊపిరి బిగబట్టి ఒక గీతను చూస్తున్నారు.

గీత కంప్యూటర్ తెర మీద ఉంది. పచ్చగా, వేలెడు పొడవుంది. పొద్దున పదింటి నుంచి అది ఎడమ దిక్కు నుంచి కుడి దిక్కుకు ప్రయాణం చేస్తోంది. చేస్తోందని సంఘం అధ్యక్షుడు అమరేందర్ వాదన. పండుకుందని సంఘం సభ్యురాలు బక్కమ్మ వాదన. ఇంకో సభ్యుడు యాదయ్యకు ఏ వాదనా లేదు. గొంగడి ఈ భుజం మీది నుంచి ఆ భుజం మీదికి మార్చుకొని, సినిమా మొదలయ్యేదాకా ఓపిక పట్టే మనిషిలా నిలబడ్డాడు.

కంప్యూటర్ ముందు కూర్చున్నది స్వరూప మామ రామచంద్రయ్య, సంఘం కార్యదర్శి. కళ్ళజోడు ముక్కు చివరికి జారినా పైకి నెట్టుకోవడం లేదు. తన చెయ్యి కదిలితే గీత ఆగిపోతుందేమోనని భయపడుతున్నట్టుంది.

"మామా, అన్నం," అంది స్వరూప.

"ఆగు బిడ్డా. ఉత్తరం పోతాంది."

"ఎప్పటిసంది?"

"ఇది రెండోసారి. మొదటిసారి ముప్పావు దాకా పోయి ఎనుకకొచ్చింది."

"నా ముసలి గొర్రె నయం," అంది బక్కమ్మ. "కుంటుకుంటనన్న దొడ్డి దాటుతది."

స్వరూప గోడ గడియారం చూసింది. ఒంటిగంటకు పది నిమిషాలుంది. డబ్బా కిటికీలో పెట్టి, చెంగు నడుముకు దోపుకుంది. మూడు గంటల లోపల ఆ ఉత్తరం జిల్లా పశువుల ఆఫీసుకు చేరాలన్న సంగతి రాత్రి నుంచి ఇంట్లో అన్నంతో పాటు వడ్డన అవుతూనే ఉంది.

ఏటా తొలకరికి ముందు చిటుక రోగం టీకాల బండి ఊళ్ళకు బయల్దేరుతుంది. తొలి వానకు మొలిచిన లేతగడ్డి కడుపునిండా మేసిన గొర్రె చిటికేసినంతలో పడిపోతుంది కాబట్టి ఆ రోగానికి ఆ పేరు. గడ్డి మొలిచేలోపల సూది పడాలి. గడువు లోపల జాబితా చేరిన ఊళ్ళకు బండి మొదటి విడతలో వస్తుంది, తప్పితే రెండో విడతలో. జాబితా సంఘం మెయిల్ నుంచే రావాలి, వాట్సాప్‌లో పంపింది లెక్కలోకి రాదు. కట్టంగూర్ చుట్టుపక్కల ఆకాశం అప్పటికే రెండు రోజులుగా మబ్బుపట్టి ఉంది.

నిరుడు జాబితా ఒక పూట ఆలస్యంగా చేరింది. బండి ఇరవై రోజుల తర్వాత వచ్చింది. ఆ ఇరవై రోజుల్లో బక్కమ్మ మందలో పదకొండు గొర్రెలు పోయాయి. బక్కమ్మ నోరు మంచిది కాదని ఊరంతా ఒప్పుకుంటుంది. అలాంటి మనిషి ఆ పదకొండు గొర్రెల గురించి రామచంద్రయ్యను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే ఆయన రెండు రోజులు బాధపడి మూడో రోజు మర్చిపోయేవాడు. అనలేదు కాబట్టి ఆయన దారి మార్చుకున్నాడు. ఆఫీసుకు బక్కమ్మ ఇంటి ముందు నుంచి పోయే దగ్గరి దారి వదిలి, బడి వెనక సందులోంచి చుట్టూ తిరిగి పోతున్నాడు. ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. కానీ ఆ సందులో ఎర్రమట్టి ఉంటుంది, అది చెప్పులకు అంటి ఇంటి గడప మీదికి వస్తుంది, గడప తుడిచేది స్వరూప.

ఈ ఏడు మాత్రం ఆయన ఉగాది నాడే బక్కమ్మకు బస్టాపు దగ్గర మాటిచ్చాడు. "ఈసారి మన ఊరిదే ముందట పోతది. నా జిమ్మ." బక్కమ్మ సరేనని తలూపింది. ఇప్పుడు ఆ మాట వేలెడు గీత మీద వేలాడుతోంది.

"నేను మొదటిసంది మొత్తుకుంటున్న," అన్నాడు అమరేందర్. "కంప్యూటరే పాతదైంది. మొన్న మీటింగుల చెప్పిన, కొత్తది తెద్దామని. సెక్రెటరీ సారు గూడ…" అని ఆగాడు. సారు కూడా పాతదైంది అనబోయి ఆగాడని అందరికీ తెలిసింది. తెలియాలనే ఆగాడు.

రామచంద్రయ్య తెర మీది నుంచి చూపు తిప్పలేదు. ముప్పై రెండేళ్ళు తహసీల్ కచ్చేరీలో గుమస్తాగా చేసిన మనిషి. అధ్యక్షులను చాలామందిని చూశాడు.

"వైరు మార్చిండ్రా?" అంది స్వరూప.

"నిన్న నకిరేకల్ సంది కంప్యూటర్ మెకానిక్ గోపీకృష్ణ వచ్చి కొత్తది ఏసిండు," అన్నాడు అమరేందర్. "వైరసేమో అన్నడు. వైరస్‌కు గూడ మందేసిండు."

"గొర్లకు లేదు గని దానికి దొరికింది మందు," అంది బక్కమ్మ.

కుక్కర్ విజిల్ వేయకపోతే స్వరూప వెళ్ళి కొత్త పొయ్యి కొనదు. ముందు మూత చూస్తుంది, తర్వాత రబ్బరు చూస్తుంది, తర్వాత నీళ్ళు పోసిందో లేదో గుర్తు చేసుకుంటుంది. నల్లగొండలో ఆమె చదివిన బి.ఎస్సీ. కంప్యూటర్స్‌లో మూడేళ్ళు చెప్పింది కూడా ఇంచుమించు ఇదే, కాకపోతే ఇంగ్లీషులో చెప్పారు. ఆ డిగ్రీ చివరిసారి జనం కంటబడింది ఆమె పెళ్ళిపత్రిక మీద, పేరు పక్కన బ్రాకెట్లలో. పదకొండేళ్ళయింది. ఇప్పుడది బీరువాలో పట్టుచీరల కింద, నలగకుండా ఉంది.

"మామా, జర జరుగు," అని పక్కన ముక్కాలిపీట లాక్కొని కూర్చుంది.

ముందు వచ్చే ఉత్తరాలు చూసింది. పొద్దున పశువుల ఆఫీసు నుంచి నాలుగు పేజీల కాగితం వచ్చింది. ఎంతసేపట్లో వచ్చిందని అడిగితే, "గిట్ల చూసేవరకు గట్ల వచ్చింది," అన్నాడు రామచంద్రయ్య. అంటే రావడానికి దారి బాగానే ఉంది. పోవడంలోనే ఉంది తిరకాసు.

తర్వాత వైరస్ కాపలా ప్రోగ్రాం తెరిచింది. అది లోపలికి వచ్చేవాళ్ళనే కాదు, బయటికి పోయే ఉత్తరాలను కూడా సంచులు విప్పి తడుముతోంది. ఆ తడుముడు కాసేపు ఆపి చూసింది. గీత ఒక నువ్వుగింజంత ముందుకు జరిగింది. అంతే. కాపలా మళ్ళీ పెట్టేసింది.

"మామా, గిట్ల నెమ్మదైంది ఎప్పటిసంది?"

"నిన్నటిసంది," అన్నాడు అమరేందర్.

"నిరుడు గూడ గంతే ఉండె," అన్నాడు యాదయ్య. పొద్దున్నుంచి అతను మాట్లాడిన మొదటి మాట అది.

రామచంద్రయ్య బల్ల సొరుగు లాగి, ఎర్ర గుడ్డ అట్ట వేసిన పొడుగాటి పుస్తకం తీసి కోడలి ముందు పెట్టాడు.

అది జావక్ రిజిస్టర్. వచ్చే కాగితాలు రాసుకునేది ఆవక్, పోయే కాగితాలు రాసుకునేది జావక్. కచ్చేరీలో నేర్చుకున్న ఆ పద్ధతిని రామచంద్రయ్య సంఘానికి కూడా తెచ్చాడు. కంప్యూటర్ వచ్చినప్పుడు, ఇంక రిజిస్టర్లు ఎందుకు సారూ, అన్నీ దాంట్లనే ఉంటయి కద అని అమరేందర్ నవ్వాడు. రామచంద్రయ్య కూడా నవ్వి, ఇంకో రిజిస్టర్ కొన్నాడు.

స్వరూప పేజీలు తిప్పింది. నంబరు, తారీఖు, ఎవరికి, ఏ విషయం, ఎవరి ద్వారా. గీతలన్నీ స్కేలు పెట్టి కొట్టినవి. అక్షరాలు శిలాఫలకానికి రాసి ఇచ్చినంత కుదురుగా ఉన్నాయి. చివర ఆయన సొంతంగా ఇంకో గడి కల్పించుకున్నాడు: మీట నొక్కిన సమయం, ఉత్తరం పోయిన సమయం. ఏ ఆఫీసూ అడగని లెక్క అది. అయిదేళ్ళుగా ఒక్క ఉత్తరం తప్పకుండా రాశాడు.

ఆమె ఆ గడి మీదనే వేలు పెట్టి కిందికి వచ్చింది. 2018లో జావక్ ఒకటో నంబరు, ఒక నిమిషంలో పోయింది. ఎనిమిదో నంబరుకు నాలుగు నిమిషాలు. పదహారుకు పదకొండు. ఇరవై అయిదుకు ఇరవై నాలుగు. ముప్పై మూడో నంబరు నిరుటి టీకాల జాబితా. దాని ఎదురుగా "రెండుసార్లు తిరిగి వచ్చినది. కరెంటు పోయినది. మర్నాడు ఉదయం 8:10కి పోయినది" అని ఉంది. ఆ వరుస మీద ఆమె వేలు ఆగలేదు. నలభై ఒకటో నంబరుకు యాభై అయిదు నిమిషాలు.

ఒక్కసారి కూడా తగ్గలేదు.

వైరు చెడితే ఒకరోజు చెడుతుంది, మరోరోజు బాగవుతుంది. వైరస్ పడితే ఒక తారీఖున పడుతుంది. ఇది అలా లేదు. గోడ మీద పిల్లల ఎత్తు గీసినట్టు, ఏడాదికేడాది పెరుగుతూ వచ్చింది. లోపల ఏదో పెరుగుతోంది. గోపీకృష్ణ నకిరేకల్ నుంచి తెచ్చిన సామాను పెట్టెలో లేని సమాధానం, తన మామ మూడు రూపాయల పెన్నుతో రాసుకుంటూ వచ్చాడు. రాస్తున్నది సమాధానమని ఆయనకే తెలియదు.

ఆమె పచ్చగీతను ఆపేసింది.

"అయ్యో!" అన్నారు నలుగురూ, గొర్రె బావిలో పడ్డట్టు.

"ఏం కాదుండ్రి," అని కొత్త ఉత్తరం తెరిచి, తన మెయిల్‌కే "నమస్తే" అని రాసి మీట నొక్కింది. మీట మీది వేలు ఇంకా లేవకముందే చేతి సంచిలో ఫోను టింగుమంది.

"అరె!" అన్నాడు యాదయ్య.

"అంటే?" అన్నాడు అమరేందర్.

"దారి మంచిగనే ఉన్నదన్నా. బరువే ఎక్కువైంది."

ఆమె ఆగిపోయిన ఉత్తరం తెరిచింది. పైన మామ రాసిన నాలుగు వాక్యాలు, ఎంతో మర్యాదగా. దానికి తగిలించిన టీకాల జాబితా, మూడు పేజీలు, దూదిపింజంత బరువు. కానీ మొత్తం ఉత్తరం బరువు చూస్తే ఇరవై రెండు ఎంబీ. ఆమె కిందికి జరిపింది. మామ సంతకం కింద ఇంకో ఉత్తరం ఉంది. అది నలభై ఒకటో నంబరు. దాని కింద నలభై. దాని కింద ముప్పై తొమ్మిది. ఆమె జరుపుతూనే ఉంది. చెవి బిళ్ళల ఫోటోలు, షెడ్డు ఫోటోలు, ధ్రువపత్రాలు, సర్వసభ్య సమావేశంలో జనం కుర్చీల్లో కునుకు తీస్తున్న ఫోటో, ఎవరి బొటనవేలో అడ్డం వచ్చిన రేషన్ కార్డు నకలు. అట్టడుగున, 2018లో, జావక్ ఒకటి: "అయ్యా, మా సంఘమునకు కంప్యూటరు వచ్చినదని తెలియజేయుటకు సంతోషించుచున్నాము."

స్వరూపకు నవ్వు రాబోయింది. పెదవి కొరుక్కుంది. ఆ వెంటనే నవ్వు పోయింది, ఎందుకంటే అమరేందర్ ఆమె భుజం మీదుగా తెరలోకి వంగుతున్నాడు. ఈ సంగతి అతని కంటబడితే సాయంత్రానికి హైవే పక్క హోటల్లో చాయతో పాటు అమ్ముడుపోతుంది. వచ్చే మీటింగులో కొత్త కంప్యూటర్‌తో పాటు కొత్త కార్యదర్శి కూడా వస్తాడు.

"అమరన్నా," అంది తెరను చటుక్కున చిన్నది చేసి, "నీతోని ఒక పెద్ద పని ఉన్నది. బయట స్తంభం మీద నెట్ డబ్బ ఉన్నది చూడు, దాంట్ల పచ్చలైటు కొట్టుకుంటది. నూరుసార్లు కొట్టుకునేదాక జర లెక్కపెట్టి రా. నడుమల తప్పితే మళ్ళ మొదటిసంది."

అమరేందర్ చొక్కా సరిచేసుకున్నాడు. "లైనుదే సమస్య అని నాకు ముందే తెలుసు," అంటూ బయటికి నడిచాడు.

"యాదన్నా, నువ్వు గూడ పో. ఆయన తప్పితే నువ్వందుకో."

యాదయ్య ఆమె ముఖంలోకి ఒకసారి చూశాడు. అంత అమాయకుడేం కాదు. గొంగడి సర్దుకొని, నవ్వు మీసాల్లో దాచుకొని వెళ్ళాడు.

బక్కమ్మను పంపడానికి స్వరూపకు ఏ సాకూ దొరకలేదు. బక్కమ్మ కదిలేలా కూడా లేదు.

"మామా," అంది స్వరూప నెమ్మదిగా, "కొత్త ఉత్తరం రాసేటప్పుడు ఏ మీట నొక్కుతవు?"

"ఫార్వర్డ్."

"కొత్తది అని వేరే మీట ఉన్నది కద?"

"ఉన్నది. అది నొక్కితే ఉత్త తెల్లకాగితం వస్తది." ఆయన గొంతులో కాస్త అసహ్యం వినిపించింది. "ఉత్త కాగితం ఎట్ల పంపుత బిడ్డా? మిసలుండాలె కద?"

మిసలంటే ఏమిటో స్వరూపకు తెలుసు. కచ్చేరీల్లో ఒక వ్యవహారం మీద వచ్చిన కాగితం, పోయిన కాగితం, అన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి, మూలన చిల్లు పొడిచి, దారంతో కట్టిన కట్ట. కొత్త కాగితం ఎప్పుడూ పైన ఉంటుంది. పెద్దసారు బల్ల మీదికి కాగితం ఒంటరిగా పోతే విసిరి ముఖాన కొడతాడు, మిసలుతో సహా పోవాలి. ముప్పై రెండేళ్ళు రామచంద్రయ్య ఒక్క కాగితాన్ని ఒంటరిగా పంపలేదు. ఆయన అలా కట్టిన మిసళ్ళ వల్లనే కదా, ఎన్ని కమతాల తగాదాలు తేలాయో! ఇప్పుడు దారం లేదు, చిల్లు లేదు. ఫార్వర్డ్ ఉంది. కిందటి ఉత్తరం మీద నొక్కితే పాతదంతా కిందికి పోయి, పైన ఖాళీ జాగా వస్తుంది. ఆయనకు అది అచ్చంగా మిసలే. దాన్ని కనిపెట్టిన తెల్లదొర ఎవరో కచ్చేరీలో పనిచేసి ఉంటాడని కూడా ఆయన అనుకున్నాడు.

"ఇగో చూడు," అని ఆమె తెర జరుపుతూ చూపించింది. "కొత్త ఉత్తరం పోతే దాని ఎంట నలభై ఒక్క ఉత్తరాలు పోతున్నయి మామా. ఫోటోలతోని సహ. పోయినంక ఆఫీసు నకలని మళ్ళ ఒకసారి గదే మోసుకపోయి పంపినవాట్ల పెడుతున్నది. పోయే తొవ్వ సన్నది. ఏడాదికేడాది మిసలు లావైతున్నది."

రామచంద్రయ్య కళ్ళజోడు పైకి నెట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు.

"అంటే," అంది బక్కమ్మ, "ఒక్క గొర్రెను అంగడికి తోలుమంటే మందనంత తోలినవన్నట్టు."

"గంతే పెద్దమ్మా," అంది స్వరూప. ఆమె మూడేళ్ళు చదువుకున్నది బక్కమ్మ ఒక్క ముక్కలో చెప్పేసింది.

రామచంద్రయ్య చెయ్యి రిజిస్టర్ మీదికి పోయింది. పేజీ వెనక్కి తిప్పాడు. ముప్పై మూడో నంబరు దగ్గర ఆగాడు. స్వరూప వేలు ఆగకుండా దాటిన చోట ఆయన వేలు ఆగింది.

"అయితే నిరుడు," అన్నాడు. "అయితే నిరుడు గూడ… నేనే."

స్వరూపకు అబద్ధం చెప్పడానికి కుదరదు, ఆ రిజిస్టర్ ఆయన రాసిందే.

"ఏంది నువ్వు?" అంది బక్కమ్మ. "చిటుక రోగం నీ మిసల్ల పుట్టిందా? గడ్డిల పుట్టింది. నువ్వు పొద్దుగూకేదాక గీ కుర్సీల కూసోని నొక్కినవు, నాకు ఎరుక లేదా? కరెంటు పోయినంక గూడ సీకట్ల కూసున్నవని యాదయ్య చెప్పిండు. నిన్ను తిట్టాల్నంటే గప్పుడే తిడుదును. నాకేమన్న మొగమాటమా?" కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ముందుగాల గా మూడు కాగితాలు పంపు. మబ్బు చూడు, నెత్తి మీదికొచ్చింది."

స్వరూప కొత్త ఉత్తరం తెరిచి, కుర్చీ మామ వైపు తిప్పింది. ఆయన నాలుగు వాక్యాలూ మళ్ళీ రాశాడు, అంతే మర్యాదగా. జాబితా తగిలించాడు. మీట దగ్గర చెయ్యి ఆగింది.

"మిసలు లేకుంటనే?"

"మిసలు ఇంట్లనే ఉంటది మామా. పారేస్తలేం. కాగితం ఒక్కటే ఊరికి పోయి వస్తది. కింద ఒక ముక్క రాయి, కిందటి ఉత్తరం నంబరు, తారీఖు. కావాల్నంటే వాళ్ళే అడుగుతరు."

ఆ మాట ఆయనకు నచ్చింది. "సూచిక: జావక్ నంబరు 41" అని రాసి, కళ్ళు మూసుకొని నొక్కాడు. తెరిచేసరికి ఉత్తరం లేదు.

"ఏది?"

"పోయింది."

"ఎప్పుడు?"

"నువ్వు కండ్లు మూసినప్పుడు."

రెండు గంటల పది నిమిషాలు. రామచంద్రయ్య గడియారం చూసి, తెర చూసి, మళ్ళీ గడియారం చూశాడు. అయిదేళ్ళుగా ఉత్తరం పోయేలోపు ఆయన చేసుకునే పనులు కొన్ని ఉన్నాయి. చాయ తాగడం, కాళ్ళు చాపుకోవడం, ఒక్కోసారి కునుకు. ఇప్పుడు అంత తీరికనూ ఏం చేసుకోవాలో తెలియనట్టు కూర్చున్నాడు.

అమరేందర్ లోపలికి వచ్చాడు. చెమటలు కారుతున్నాయి. "తొంభై ఆరుదాక వచ్చిన. గంతల యాదయ్య తుమ్మిండు."

"చాలన్నా, పోయింది ఉత్తరం," అంది స్వరూప.

"చూసినవా? నేను పోయి నిలబడంగనే లైను సాఫైంది," అన్నాడు అమరేందర్. స్తంభం దగ్గర నిలబడే అధ్యక్షుడు ఉన్న ఊరికి ఏం తక్కువ అన్నట్టు అందరినీ చూశాడు. అతన్ని ఎవరూ కాదనలేదు.

అయితే కథ అక్కడ తెగలేదు. రెండున్నరకు పశువుల ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. రెండు వాక్యాలు. వరుస నంబరు పద్నాలుగు, బక్కమ్మ పేర నిరుడు డెబ్బై అయిదు గొర్రెలుండగా ఈ ఏడు అరవై నాలుగు అని ఉన్నది, తేడాకు ఆధారం పంపవలెను. మూడు గంటల లోపు అందనిచో జాబితా రెండో విడతలో చేర్చబడును.

బక్కమ్మకు చదివి వినిపించాక ఆమె ముఖం చూడ్డానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. ఆ పదకొండూ పోయి ఒక బాధ పెట్టాయి. ఇప్పుడు, పోయినట్టు కాగితం అడుగుతున్నాయి.

"పసుల దవాఖాన డాక్టరు రాసిచ్చిండు కద, సచ్చిపోయినట్టు," అన్నాడు యాదయ్య.

"రాసిచ్చిండు. యాడున్నదిప్పుడు?" అన్నాడు అమరేందర్. "అల్మారల వెతకాల్నంటే రెండు దినాలు పడతది."

"జావక్ ముప్పై నాలుగు," అన్నాడు రామచంద్రయ్య. రిజిస్టర్ మూసే ఉంది. ఆయన దాని వైపు చూడను కూడా లేదు. "జూలై పదకొండు. సోమవారం. ఎంబడి ఒక ఫోటో."

పదకొండు గొర్రెల సంగతి పదకొండో తారీఖున రాశానని ఆయన మర్చిపోలేదు. మర్చిపోవాలని చుట్టూ తిరిగే దారి పట్టినా మర్చిపోలేదు.

స్వరూప మిసలు తెరిచింది. ఆ ఇరవై రెండు ఎంబీల కట్ట, ఇందాక ఊరు దాటలేక కుంటుతున్నది, ఇప్పుడు ఇంట్లో కూర్చొని గడగడా తెరుచుకుంది. నలభై, ముప్పై తొమ్మిది, ముప్పై ఎనిమిది. అన్నీ వరుసలో, ఒక్కటీ తప్పిపోకుండా. ముప్పై నాలుగు దగ్గర ఆగింది. డాక్టరు సంతకం, ముద్ర, తారీఖు, పదకొండు చెవి బిళ్ళల నంబర్లు. ఆమె కాలేజీలో ల్యాబు సారు మూడేళ్ళు మొత్తుకొని చెప్పినా ఒక్కరూ తమ ఫైళ్ళను ఇలా పెట్టుకున్న పాపాన పోలేదు. ఆమె మామ ఎవరూ చెప్పకుండానే పెట్టుకున్నాడు.

ఆ ఒక్క ఫోటో తీసి, కొత్త ఉత్తరానికి తగిలించి, మామకు కుర్చీ ఇచ్చింది. ఆయన మళ్ళీ నాలుగు వాక్యాలు రాయబోయాడు.

"రెండు చాలు మామా."

"మర్యాద కద బిడ్డా."

"మర్యాద రెండు వాక్యాలల్ల గూడ వస్తది."

మూడు రాశాడు. రెండూ నలభైకి నొక్కాడు, ఈసారి కళ్ళు తెరుచుకొని. అయినా పోవడం కనిపించలేదు.

ఎవరూ కూర్చోలేదు. అమరేందర్ కూడా లైటు సంగతి ఎత్తలేదు. రెండూ యాభై రెండుకు జవాబు వచ్చింది. స్వరూప పైకి చదివింది: "ఆధారం అందినది. టీకాల వాహనం సోమవారం ఉదయం ఏడు గంటలకు మీ గ్రామమునకు వచ్చును. మొదటి విడత, మొదటి గ్రామము."

యాదయ్య గొంగడి తీసి బల్ల మీద వేశాడు, పొద్దున్నుంచి మొదటిసారి. బక్కమ్మ లేచింది. చెప్పులు వేసుకుంటూ గుమ్మం దగ్గర ఆగింది.

"సెక్రెట్రీ అన్నా, సోమారం బండి ఎంట నువ్వు గూడ రావాలె. మా ఇంటి ముంగటికెల్లి రా. గా బడెనక సందుల పాములు తిరుగుతున్నయట. ఏడాది సంది నీకొక్కనికి కనబడక బతికిపోయినవు."

రామచంద్రయ్య అన్నం డబ్బా మూత తీయడంలో చాలా శ్రద్ధ చూపించాడు. "వస్త తియ్," అన్నాడు డబ్బాలోకి.

అందరూ వెళ్ళాక ఆయన చల్లారిన అన్నం, పచ్చిపులుసు తిన్నాడు. చెయ్యి కడుక్కొని, తుడుచుకొని, జావక్ రిజిస్టర్ తెరిచాడు. నలభై రెండు, నలభై మూడు. సమయం గడిలో ఏం రాయాలో కాసేపు ఆలోచించాడు. నొక్కిన సమయం 2:10. పోయిన సమయం కూడా 2:10. అలా రాయడం ఆయనకు కాస్త సిగ్గుగా అనిపించినట్టుంది, దొంగలెక్కలా. అయినా రాశాడు.

తర్వాత "ఎవరి ద్వారా" గడికి వచ్చాడు. ఒకటి నుంచి నలభై ఒకటి దాకా అక్కడ "స్వయంగా" అని ఉంది. స్వరూప డబ్బా సర్దుతూ ఓరకంట చూసింది. ఆయన పెన్ను విదిలించి, నెమ్మదిగా, కుదురుగా రాశాడు: స్వరూప (బి.ఎస్సీ.).

ఆమె డబ్బా మూత రెండుసార్లు పెట్టి తీసింది. సరిగ్గా పడటం లేదన్నట్టు.

"పక్కకు కంప్యూటర్స్ అని గూడ రాయి మామా," అంది చివరికి. "జాగా ఉన్నది కద."

ఆయన కళ్ళజోడు పైకి నెట్టుకొని, గడి కొలిచి చూసి, ఇరికించి రాశాడు.

సోమవారం మధ్యాహ్నం స్వరూప గడప తుడవడానికి కూర్చుంటే ఎర్రమట్టి ఎక్కడా లేదు. వాకిలి నుంచి వంటింటి దాకా, ఒక్కో అడుగుకు ఇన్ని చొప్పున, గొర్రె పెంటికలు ఉన్నాయి.